మీ గేమింగ్ సర్వర్‌లో వేధింపులు ఆపడం ఎలా? రూల్ రాయడం నుంచి బ్యాన్ దాకా

వారానికి ఒకరైనా ఇదే అడుగుతున్నారు. "అన్నా, మా డిస్కార్డ్‌లో ఒకడు అమ్మాయిల్ని డీఎంలో విసిగిస్తున్నాడు, ఏం చెయ్యాలి?" "బ్యాన్ చేస్తే ఇంకో ఐడీతో వస్తున్నాడు, ఎలా?" "వాడు మా స్క్వాడ్‌లో టాప్ ప్లేయర్, వాణ్ని ఎలా తీసేస్తాం?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు మొత్తం ఒకేచోట రాసేస్తున్నాను.

నేనూ నా స్నేహితులూ కలిసి తెలుగు ప్లేయర్ల కోసం ఒక డిస్కార్డ్ సర్వర్ నడుపుతున్నాం. (డిస్కార్డ్ అంటే గేమర్లు చాట్‌లో, వాయిస్‌లో మాట్లాడుకునే యాప్. అందులో పెట్టుకునే గ్రూపే సర్వర్. డీఎం అంటే ఒకరికే విడిగా పంపే మెసేజ్.) నలుగురం బీజీఎంఐ (పబ్జీ మొబైల్ ఇండియా వెర్షన్) ఆడుకోవడానికి మొదలుపెట్టాం. తర్వాత వాలరెంట్ వాళ్లు, మైన్‌క్రాఫ్ట్ పిల్లలు చేరారు. మనుషులు పెరిగేకొద్దీ గొడవలూ పెరిగాయి. కింద చెప్పినవన్నీ మేం తప్పు చేసి నేర్చుకున్నవే. సెట్టింగులు డిస్కార్డ్‌వి చెప్తాను. మీది వాట్సాప్ గ్రూపైనా టెలిగ్రామ్ అయినా పద్ధతి ఇదే.

ముందే ఒక మాట. ఆటలోపల శిక్ష వేసే అధికారం మీకు లేదు, అది గేమ్ కంపెనీ చేతిలో ఉంటుంది. మీ చేతిలో ఉన్నది మీ సర్వర్ ఒక్కటే. ఈ రెండిటినీ కలిపేస్తే రెండూ చెడతాయి. అందుకే ఆటలోపలి సంగతి ఆరో భాగంలో విడిగా చెప్పాను.

ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

- కనీసం ముగ్గురు మోడ్లు (మోడరేటర్లు, అంటే సర్వర్‌ని కనిపెట్టుకుని చూసేవాళ్లు). వాళ్లలో ఒక అమ్మాయి తప్పకుండా ఉండాలి. "మీకు చెప్పాలంటే ఇబ్బందిగా ఉంది" అనే ఫిర్యాదులు ఎన్ని ఆగిపోతున్నాయో ఆమె వచ్చాకే మాకు తెలిసింది.
- వీలైతే వేరే దేశంలో ఉన్న ఒక మోడ్. గొడవలు ఎక్కువగా రాత్రి ఒంటిగంటా రెండింటికి జరుగుతాయి. మా మోడ్ ఒకతను డాలస్‌లో ఉంటాడు. మనం నిద్రపోయే టైముకి అక్కడ మధ్యాహ్నం.
- మోడ్లకు మాత్రమే కనిపించే ఒక చానల్, ఒక స్ప్రెడ్‌షీట్.
- ఫిర్యాదు చేసేందుకు ఒక దారి. టికెట్ బాట్ (ఫిర్యాదులు తీసుకునే చిన్న ప్రోగ్రామ్) పెట్టుకోవచ్చు. లేదంటే "ఫలానా ఇద్దరికి డీఎం చేయండి" అని రాసినా చాలు.
- సెట్టింగులు పరీక్షించడానికి ఏ రోల్ (అధికారాలిచ్చే హోదా) లేని మీ రెండో అకౌంట్.
- ఒక ఆదివారం సాయంత్రం.

1. కంటికి కనిపించే రూల్ రాయండి

"అందరూ మర్యాదగా ఉండాలి." ఇది చాలా సర్వర్లలో మొదటి రూల్, పనికిరాని రూల్ కూడా ఇదే. మర్యాద అంటే ఏంటో గుంటూరులో ఒకలా, కరీంనగర్‌లో ఒకలా, ఇంజినీరింగ్ హాస్టల్లో ఇంకోలా ఉంటుంది. రూల్ చదవగానే "నేను చేసింది ఇదే" అని వాడికి తెలియాలి. మా రూల్స్ చానల్లో ఉన్నవి దాదాపు ఇలా ఉంటాయి, కావాలంటే కాపీ చేసుకోండి:

- ఆటని తిట్టండి, మనిషిని వద్దు. "ఆ గ్రెనేడ్ ఎవడు వెయ్యమన్నాడ్రా" అంటే పర్వాలేదు. అమ్మనీ అక్కనీ లాగితే శిక్ష.
- కులం, మతం, ప్రాంతం, యాస, ఒంటి రంగు పేరుతో ఎవర్నీ ఎక్కిరించకూడదు. నేరుగా అడక్కుండా "మీరేవిఁట్లు?" అని కులం ఆరా తియ్యడం కూడా ఇందులోకే వస్తుంది.
- "అమ్మాయివా?", "మైక్ ఆన్ చెయ్", "ఇన్‌స్టా ఇవ్వు" అని ఒకసారి అడిగి కాదనిపించుకున్నాక మళ్లీ అడిగితే వేధింపే.
- ఇక్కడ పరిచయమైన వాళ్లకి డీఎంలో, ఆటలో, ఇన్‌స్టాలో ఏం చేసినా ఇక్కడ చేసినట్టే లెక్క.
- ఒకరి ఫోన్ నంబరు, ఫోటో, కాలేజీ, ఇంటి వివరాలు వాళ్లని అడక్కుండా బయటపెడితే నేరుగా బ్యాన్.
- ఫిర్యాదు చేసిన వాళ్ల మీద పగ తీర్చుకున్నా నేరుగా బ్యాన్.
- వాయిస్ చానళ్లలో ఎవరైనా రికార్డు చేసి ఫిర్యాదుకి జత చేయొచ్చు. ఇది తెలిసే మాట్లాడండి.

నాలుగోది లేకపోతే మిగతా రూల్స్‌కి విలువ లేదు. మొదటి ఏడాది మా దగ్గర అది లేదు. ఒకడు చానల్లో బుద్ధిమంతుడు, డీఎంలో రాక్షసుడు. "సర్వర్‌లో ఏమీ అనలేదుగా" అని వాదించాడు, మా దగ్గర జవాబు లేదు.

సరదాకీ వేధింపుకీ తేడా ఎలా చెప్పాలి అని అడుగుతారు. మన భాషలో స్నేహితులు ఒకర్నొకరు "ఒరేయ్ దరిద్రుడా" అనుకోకుండా పూట గడవదు. వాటి జోలికి పోవద్దు. మూడు చూడండి: ఎదుటివాళ్లు కూడా అదే తీరులో తిరిగి అంటున్నారా? "ఆపు" అన్నాక ఆపాడా? చానల్ మారినా వెంటపడుతున్నాడా? అన్నీ సవ్యంగా ఉంటే అది వాళ్లిద్దరి చనువు. "ఆపు" అన్నాక కూడా సాగితే "జోక్ రా బాబూ" అనే మాట చెల్లదు.

పాతిక రూల్స్ రాయకండి, ఎవరూ చదవరు. పదిమంది వాట్సాప్ గ్రూపైతే డిస్క్రిప్షన్‌లో నాలుగు లైన్లు చాలు. డిస్కార్డ్‌లో అయితే కొత్తవాళ్లు రూల్స్‌కి ఒప్పుకున్నాకే మాట్లాడగలిగేలా సెట్టింగ్ ఉంది, అది ఆన్ చెయ్యండి. తర్వాత "నాకు తెలీదు" అనడానికి ఉండదు.

2. శిక్షల మెట్లు ముందే కట్టండి

గొడవ జరిగిన రోజు శిక్ష ఆలోచిస్తే, ఆ రోజు మీ మూడ్‌ని బట్టి శిక్ష పడుతుంది. ముందే రాసి రూల్స్ కిందే పెట్టండి.

మొదటిసారి: రాతలో హెచ్చరిక.
రెండోసారి: ఒక రోజు టైమ్‌అవుట్ (అంతసేపూ రాయలేరు, మాట్లాడలేరు).
మూడోసారి: వారం.
నాలుగోసారి: బ్యాన్.

డిస్కార్డ్ మెనూలో టైమ్‌అవుట్ 60 సెకన్ల నుంచి వారం దాకా ఉంటుంది. అంతకన్నా ఎక్కువ కావాలంటే బాట్ ద్వారా 28 రోజుల దాకా వేయొచ్చు. బెదిరింపులు, వ్యక్తిగత వివరాలు బయటపెట్టడం, లైంగిక వేధింపు, మైనర్లతో పిచ్చివేషాలు: వీటికి మెట్లు లేవు, నేరుగా బ్యాన్.

హెచ్చరికలకు గడువు కూడా పెట్టండి. ఎక్స్‌బాక్స్ 2023లో తెచ్చిన పద్ధతిలో తప్పు బరువుని బట్టి స్ట్రైకులు పడతాయి. ఒక్కో స్ట్రైక్ ఆరు నెలలు రికార్డులో ఉంటుంది. ఎనిమిది పడితే ఏడాది పాటు అక్కడ మాట్లాడుకునే ఫీచర్లన్నీ బంద్. మేం దాన్నే చిన్నది చేసి మూడు నెలలు పెట్టుకున్నాం. ఎందుకంటే తిట్టేవాళ్లలో ఎక్కువమంది రౌడీలు కారు. వరసగా మూడు మ్యాచ్‌లు ఓడిపోయి, రేపు సెమిస్టర్ పరీక్ష పెట్టుకుని నోరు జారినవాళ్లు. వాళ్లకి మొదటి మాటే సరిపోతుంది. మిగతా కొద్దిమంది కోసమే పై మెట్లు.

హెచ్చరిక: శిక్ష వెయ్యాలా వద్దా అని సర్వర్‌లో పోల్ పెట్టొద్దు. లీగ్ ఆఫ్ లెజెండ్స్‌లో రయట్ కంపెనీ 2011లో ట్రైబ్యునల్ అని పెట్టి కేసులు ఆటగాళ్ల ఓటుకే వదిలింది, 2014లో ఆపేసింది. ముక్కూ మొహం తెలియని వాళ్లు ఓటేసిన పద్ధతే నిలవలేదు. అందరూ అందరికీ తెలిసిన రెండొందల మంది సర్వర్‌లో పోల్ పెడితే ఎవడికి ఫ్రెండ్స్ ఎక్కువో వాడే గెలుస్తాడు.

3. సెట్టింగులు

వెరిఫికేషన్ లెవెల్ మీడియం పెడితే డిస్కార్డ్‌లో అకౌంట్ తెరిచి ఐదు నిమిషాలైనా కానివాడు మాట్లాడలేడు. హై పెడితే మీ సర్వర్‌లో చేరి పది నిమిషాలు ఆగాలి. అన్నిటికన్నా పై లెవెల్లో ఫోన్ నంబరు వెరిఫై చేసుకోవాలి. మామూలు రోజుల్లో హై చాలు. దొంగ ఐడీల దాడి నడుస్తున్నప్పుడు పై లెవెల్‌కి మార్చి, తగ్గాక దించండి.

మోడ్లకు టైమ్‌అవుట్ అధికారం ఇవ్వండి. బ్యాన్ అధికారం ఇద్దరికి చాలు. అడ్మినిస్ట్రేటర్ పర్మిషన్ మాత్రం "నమ్మకస్తుడే కదా" అని పంచిపెట్టకండి. మోడ్ల అకౌంట్లకు రెండంచెల లాగిన్ తప్పనిసరి చేసే సెట్టింగ్ కూడా ఉంది.

ఇక ఆటోమోడ్. డిస్కార్డ్ 2022లో తెచ్చిన ఫీచర్ ఇది. మీరిచ్చిన మాటలు ఉన్న మెసేజ్‌ని ఆపుతుంది, మోడ్ల చానల్‌కి కబురు పంపుతుంది, కావాలంటే టైమ్‌అవుట్ కూడా వేస్తుంది. డిస్కార్డ్ వాళ్ల రెడీమేడ్ జాబితాని నమ్ముకుంటే మన బూతులు పెద్దగా దొరకవు. లిస్టు మనమే రాసుకోవాలి. తెలుగు బూతుని ఇంగ్లిష్ అక్షరాల్లో ఎన్ని రకాలుగా రాస్తారో రాస్తుంటేనే తెలుస్తుంది. ఒక్కో మాటకి ఏడెనిమిది స్పెల్లింగులు. తెలుగు లిపిలో రాసేవాళ్లు మళ్లీ వేరే. మాట వెనక నక్షత్రం గుర్తు పెడితే ఆ అక్షరాలతో మొదలయ్యేవన్నీ ఆగుతాయి. రెండువైపులా పెడితే మాట మధ్యలో ఉన్నా ఆగుతుంది.

ఇక్కడే నేను బోల్తాపడ్డాను. బాగా వాడుకలో ఉన్న ఒక బూతుకి మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు రాసి వెనక నక్షత్రం తగిలించి, ఇక చూడండి అనుకున్నాను. వర్షాకాలం. రెండు రోజుల తర్వాత ఒక కుర్రాడు వేరే మోడ్‌కి ఇన్‌స్టాలో మెసేజ్ పెట్టాడు: "అన్నా, నాకు డెంగ్యూ వచ్చింది, వారం రోజులు స్క్రిమ్స్‌కి (ప్రాక్టీస్ మ్యాచ్‌లకి) రాను అని పెడుతుంటే వెళ్లట్లేదు. పైగా టైమ్‌అవుట్ పడింది." ప్లేట్‌లెట్లు తగ్గి సెలైన్ ఎక్కించుకుంటూ పెట్టిన మెసేజ్ అది. ఆటోమోడ్‌లో వదిలేయాల్సిన మాటల జాబితా కూడా ఉంటుంది. మా జాబితాలో మొదటి మాట డెంగ్యూ.

కాబట్టి మొదటి రెండు వారాలు ఆటోమోడ్‌ని కబురు పంపడానికే వాడండి, శిక్ష వేయనివ్వకండి. ఏం పట్టుకుంటోందో చూసి తర్వాత బిగించండి.

ఎలా పరీక్షించాలి: మీ అకౌంట్‌తో కాదు. ఓనర్‌కీ, సర్వర్‌ని మేనేజ్ చేసే పర్మిషన్ ఉన్నవాళ్లకీ ఆటోమోడ్ వర్తించదు. చాలామంది తమ అకౌంట్‌తో బూతు టైప్ చేసి, వెళ్లిపోవడం చూసి "ఇది పనిచెయ్యదు" అని తీసేస్తారు. ఏ రోల్ లేని రెండో అకౌంట్‌తో ఎవరూ లేని చానల్లో పరీక్షించండి.

ఎంత బిగించినా అక్షరాల మధ్య చుక్కలు పెట్టి తప్పించుకునేవాడు ఉంటాడు. ఆటోమోడ్ గేటు దగ్గర వాచ్‌మన్‌లాంటిది, వాచ్‌మన్‌ని జడ్జిని చెయ్యకండి.

4. ఫిర్యాదు వచ్చాక మొదటి అరగంట

సర్వర్ నిలబడేదీ పడిపోయేదీ ఇక్కడే. వరస తప్పకండి.

మొదట ఫిర్యాదు చేసినవాళ్లకి జవాబివ్వండి. కేసు ఇంకా చూడకపోయినా సరే. నేను పంపేది ఇదే: "మీ మెసేజ్ చూశాను. ఇంకో మోడ్‌తో కలిసి చూసి రేపు రాత్రి పదిలోగా చెప్తాను. అప్పటిదాకా ఏదీ డిలీట్ చెయ్యకండి, వాళ్లకి జవాబివ్వకండి. మీ పేరు బయటికి రాదు." గంటలు గడిచినా జవాబు రాకపోతే ఆ మనిషి ఇంకెప్పుడూ ఫిర్యాదు చెయ్యదు, చెప్పకుండా సర్వర్ వదిలేస్తుంది. అలా ఎంతమంది పోయారో మీకు తెలియనే తెలియదు.

గొడవ ఇంకా నడుస్తుంటే ఆపండి. వాయిస్‌లో ఉంటే డిస్‌కనెక్ట్ చేసి గంట టైమ్‌అవుట్. ఇది శిక్ష కాదు, చూసేదాకా ఆపడం అని రాయండి.

తర్వాత సాక్ష్యం. డిస్కార్డ్ సెట్టింగుల్లో డెవలపర్ మోడ్ ఆన్ చేస్తే యూజర్ ఐడీ కాపీ చేసుకోవచ్చు. పేరూ ఫోటో నిమిషంలో మారిపోతాయి, ఆ పొడవాటి నంబరు మారదు. మెసేజ్ లింక్ కాపీ చెయ్యండి. పైన పది, కింద పది మెసేజ్‌లు కనిపించేలా స్క్రీన్‌షాట్ తియ్యండి. ఒక్క మెసేజ్ మాత్రమే కత్తిరించి చూస్తే ఎవరు మొదలుపెట్టారో తెలీదు.

ఆపైన ఆ మెసేజ్‌ని డిస్కార్డ్‌కి రిపోర్ట్ చెయ్యండి. అప్పుడే డిలీట్ చెయ్యండి. ఈ వరస తారుమారు కావడం అన్నిటికన్నా ఎక్కువగా చూసే తప్పు. కంగారులో ముందు డిలీట్ కొడతారు. డిలీట్ అయిన మెసేజ్‌ని రిపోర్ట్ చెయ్యడానికి ఉండదు, మీ దగ్గర రుజువూ మిగలదు.

డీఎం కేసుల్లో మీకు స్క్రీన్‌షాట్ మాత్రమే వస్తుంది. స్క్రీన్‌షాట్‌ని నకిలీ చెయ్యడం పదో తరగతి పిల్లాడికి కూడా వచ్చు. బ్రౌజర్లో మెసేజ్ మార్చేసి ఫోటో తీస్తే తేడా తెలీదు. అందుకని స్క్రీన్ రికార్డింగ్ అడగండి: అవతలివాడి ప్రొఫైల్ తెరిచి, అక్కడి నుంచి డీఎంలోకి వెళ్లి, పైకీ కిందకీ స్క్రోల్ చెయ్యాలి. అడిగేటప్పుడు "మిమ్మల్ని నమ్మక కాదు, రేపు అతను కాదంటే చూపించడానికి" అని చెప్పండి. అప్పటికే భయపడి డిలీట్ చేసేసి ఉంటే కోప్పడకండి. లాగ్‌లో రాసుకోండి. అదే పేరు మీద రెండో ఫిర్యాదు వచ్చిన రోజు ఇది పనికొస్తుంది.

వాయిస్ అన్నిటికన్నా కష్టం. రాత ఉండదు, లాగ్ ఉండదు. ఆ టైముకి చానల్లో ఎవరెవరున్నారో రాసుకుని, వాళ్లలో ఇద్దర్ని విడివిడిగా డీఎంలో అడగండి. "వాడు తిట్టాడా?" అని అడిగితే అవుననో కాదనో అంటారు, అంతే. "పదకొండున్నరకి ఏం జరిగింది?" అని అడగండి. ఇద్దరూ ఒకే మాట చెప్తే సాక్ష్యం దొరికినట్టే. ఒకరే చెప్తే లిఖితపూర్వక హెచ్చరికతో ఆపి, వారం పాటు ఒక మోడ్ ఆ చానల్లో కూర్చోవాలి.

చివరగా ఇద్దరు మోడ్లు కలిసి నిర్ణయం తీసుకోండి. ఆ ఇద్దర్లో ఎవరికీ ఆ గొడవతో సంబంధం ఉండకూడదు.

అస్సలు చెయ్యకూడనిది: ఇద్దర్నీ ఒక కాల్‌లోకి పిలిచి "మాట్లాడుకోండి, సర్దుకోండి" అనడం. మన ఇళ్లలో, ఊళ్లలో పంచాయితీ అలవాటు కాబట్టి చేతులు అటే పోతాయి. లూట్ పంపకం మీద గొడవైతే కూర్చోబెట్టండి. ఒకడు వెంటపడుతున్నాడని చెప్పిన అమ్మాయిని మళ్లీ వాడి ముందు కూర్చోబెట్టడం ఏం సర్దుబాటు?

5. శిక్ష చెప్పే పద్ధతి

డీఎంలో, రాతలో, ఆరు లైన్లలో. మాది ఇలా ఉంటుంది:

"నిన్న రాత్రి జనరల్ చానల్లో ఫలానా మాట రాశావు. అది రెండో రూల్‌కి విరుద్ధం. ఇది నీకు రెండోసారి, మొదటిది జూన్‌లో. అందుకని రేపు రాత్రి వరకు టైమ్‌అవుట్. ఇంకోసారి అయితే వారం. అభ్యంతరం ఉంటే ఇద్దరు మోడ్ల పేర్లు కింద ఉన్నాయి, వాళ్లకి రాయి."

అంతే. "నీలాంటివాళ్ల వల్లే" అని మొదలుపెట్టే ఉపన్యాసం వద్దు. "ఎవడు చెప్పాడు నా మీద?" అని అడుగుతాడు, జవాబు ఇవ్వద్దు. వాదన రెండో మెసేజ్ దాటితే "అప్పీల్ దారి పైన చెప్పాను" అని ఆపెయ్యండి.

బ్యాన్ కొట్టేటప్పుడు గత వారం దాకా ఉన్న అతని మెసేజ్‌లు చెరిపేసే ఆప్షన్ వస్తుంది. సాక్ష్యం తీసుకున్నాకే దాన్ని వాడండి. కిక్ చేస్తే (బ్యాన్ లేకుండా బయటికి పంపితే) పాత ఇన్వైట్ లింక్‌తో అదే నిమిషంలో తిరిగొస్తాడు. కిక్‌ని శిక్ష అనుకోవద్దు. ఎవరు ఎప్పుడు ఏ చర్య తీసుకున్నారో చూపించే ఆడిట్ లాగ్‌ని డిస్కార్డ్ 45 రోజులే ఉంచుతుంది. కాబట్టి తేదీ, యూజర్ ఐడీ, ఏ రూల్, ఏ శిక్ష, ఏ ఇద్దరు మోడ్లు అన్నది మీ స్ప్రెడ్‌షీట్‌లో రాయాల్సిందే.

బ్యాన్ చేసి చానల్లో "చెత్త పోయింది" అని పండగ చెయ్యొద్దు. వాడు ఊరుకోడు. ఫిర్యాదు చేసింది ఎవరో జనం వెతకడం మొదలుపెడతారు.

టాప్ ప్లేయర్ని ఎలా తీసేస్తాం అన్నవాళ్ల కోసం మా కథ. మా బీజీఎంఐ జట్టులో కాల్స్ ఇచ్చేవాడు (ఆటలో ఎవరు ఏం చెయ్యాలో చెప్పేవాడు), మాకు కప్పులు తెచ్చినవాడు, కొత్తగా వచ్చిన ఒకమ్మాయిని మూడు రాత్రులు వాయిస్‌లో వదల్లేదు. టోర్నమెంట్ రెండు రోజులుంది. మోడ్లలో ఇద్దరు "టోర్నీ అయ్యాక చూద్దాం" అన్నారు. నిజం చెప్పాలంటే నాకూ అదే అనిపించింది. మా మోడ్ అమ్మాయి ఒకటే అడిగింది: "కొత్తోడైతే రెండు రోజులు ఆగేవాళ్లా?" వారం టైమ్‌అవుట్ వేశాం. మొదటి రౌండ్‌లోనే పోయాం. అతను ముగ్గుర్ని వెంటేసుకుని వెళ్లి వేరే సర్వర్ పెట్టుకున్నాడు. నెల రోజులు మాకు స్క్రిమ్స్‌కి నాలుగో మనిషి దొరకలేదు. ఈ ఖర్చు ఉంటుంది, లేదని చెప్పను.

6. ఆటలోపల జరిగితే

రాండమ్స్‌తో (ఆటే జతచేసిన తెలియనివాళ్లతో) ఆడేటప్పుడు ముందు మ్యూట్, తర్వాత రిపోర్ట్, ఆ తర్వాత ఆట. చాట్‌లో తిరిగి తిట్టకండి. రిపోర్ట్ చూసేవాళ్లకి మీ తిట్లు కూడా కనిపిస్తాయి, మీకే మ్యూట్ పడే అవకాశం ఉంది.

రిపోర్ట్‌లో సరైన రకం ఎంచుకోండి. తిట్టినవాణ్ని కోపంలో "చీటింగ్" కింద రిపోర్ట్ చేస్తే ఆట లాగ్‌లో చీటింగ్ ఏదీ దొరక్క అక్కడితో ఆగిపోతుంది. ఎక్స్‌బాక్స్‌లో వాయిస్ వేధింపుకి 60 సెకన్ల క్లిప్ పట్టుకుని పంపే వీలు ఉంది. వాలరెంట్ కోసం రయట్ 2021లోనే తన నిబంధనలు మార్చి, వాయిస్ వేధింపు ఫిర్యాదు వస్తే ఆ మాటలు రికార్డు చేసి పరిశీలించే అధికారం పెట్టుకుంది. మొబైల్ ఆటల్లో స్క్రీన్ రికార్డర్ ఆన్‌లో ఉంచుకోవడమే దారి. పదిమంది ఫ్రెండ్స్‌తో ఆ మ్యాచ్‌లో లేనివాళ్లతో కూడా రిపోర్ట్ కొట్టించడం తప్పుడు ఫిర్యాదే.

సొంత మైన్‌క్రాఫ్ట్ సర్వర్ ఉన్నవాళ్లు పిల్లలతో ఆడుతుంటే వైట్‌లిస్ట్ (మీరు చేర్చిన పేర్లకే ప్రవేశం) ఆన్ చెయ్యండి, సగం తలనొప్పి పోతుంది. ఐపీ (ఇంటర్నెట్ కనెక్షన్ అడ్రస్) బ్యాన్ జోలికి మాత్రం తొందరపడి పోకండి. మన మొబైల్ నెట్‌వర్కుల్లో ఒకే ఐపీ వెనక ఎంతోమంది ఉంటారు, హాస్టల్ వైఫై అయితే చెప్పక్కర్లేదు. మేం ఒకణ్ని ఐపీతో బ్యాన్ చేస్తే వాడి బ్లాకులో ఆడే మరో నలుగురు లోపలికి రాలేకపోయారు. వాడు మాత్రం మొబైల్ డేటాతో వచ్చాడు.

7. మీ చేయి దాటిన కేసులు

చంపుతానని బెదిరింపు, మార్ఫింగ్ ఫోటోలు, డబ్బు కోసం బ్లాక్‌మెయిల్, ఇంటి అడ్రస్ పట్టుకుని వెంటపడటం, మైనర్లతో లైంగిక మాటలు. వీటికి మీరు తీర్పు చెప్పొద్దు. బ్యాన్ చెయ్యండి, సాక్ష్యం భద్రపరచండి, బాధితులకు దారి చూపించండి.

ఆన్‌లైన్ ఫిర్యాదు కేంద్ర ప్రభుత్వ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో చేయొచ్చు. మహిళలు, పిల్లల మీద నేరాలకు పేరు చెప్పకుండా ఫిర్యాదు చేసే వీలు కూడా అందులో ఉంది. డబ్బు పోతే వెంటనే 1930. ప్రాణభయం ఉంటే 112. పిల్లలకు 1098, మహిళలకు 181. తెలంగాణలో షీ టీమ్స్‌ని సంప్రదించవచ్చు. "మా పరిధి కాదు" అంటారన్న టెన్షన్ వద్దు, పరిధితో పనిలేకుండా జీరో ఎఫ్ఐఆర్ ఏ స్టేషన్లోనైనా రాయాలి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 78 వెంటపడటం గురించి, ఆన్‌లైన్‌లో నిఘా వెయ్యడం కూడా అందులోకే వస్తుంది. బెదిరింపులకు 351. అశ్లీల ఫోటోలు, వీడియోలు పంపితే ఐటీ చట్టం 67.

దీన్ని రెండుసార్లు చదవండి: 18 ఏళ్లలోపు వాళ్ల అశ్లీల ఫోటో గానీ వీడియో గానీ మీ సర్వర్‌లో పడితే, సాక్ష్యం కోసమని కూడా దాన్ని సేవ్ చెయ్యకండి, మోడ్ల చానల్లో ఫార్వర్డ్ చెయ్యకండి. దాన్ని దగ్గర ఉంచుకోవడం, పంచడం ఐటీ చట్టం 67బీ కింద నేరం. మెసేజ్ లింక్, యూజర్ ఐడీ, టైము రాసుకుని డిస్కార్డ్‌కీ పోలీసులకీ రిపోర్ట్ చెయ్యండి. పోక్సో చట్టం ప్రకారం ఇలాంటిది తెలిసినవాళ్లు చెప్పి తీరాలి. "పిల్ల పరువు పోతుంది" అని దాచడానికి వీల్లేదు.

పెద్దవాళ్ల విషయంలో పోలీసుల దగ్గరికి వెళ్లాలా వద్దా అన్నది బాధితురాలి ఇష్టం. మీరు హీరోలా ముందుకెళ్లి కేసు పెట్టకండి. ఇంట్లో తెలిస్తే ఫోన్ లాక్కుంటారేమో, కాలేజీ మానిపిస్తారేమో అన్న భయం ఆమెకు ఉండొచ్చు. ఏ నంబరుకి ఫోన్ చేయొచ్చో చెప్పి, సాక్ష్యాల ఫైల్ చేతికిచ్చి, తోడు రమ్మంటే వెళ్లండి.

8. పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

నెలకోసారి స్ప్రెడ్‌షీట్ తెరవండి. ఫిర్యాదుకి మొదటి జవాబు ఎన్ని గంటల్లో వెళ్లింది? అదే తప్పుకి మీ ఫ్రెండ్‌కి పడిన శిక్షా, కొత్తోడికి పడిన శిక్షా ఒకటేనా? పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిసారి మేం చూసినప్పుడు ఒకటి కాదు. మాకు సిగ్గేసింది.

ఫిర్యాదు చేసినవాళ్లు నెల తర్వాత ఇంకా సర్వర్‌లో ఉన్నారా, మాట్లాడుతున్నారా? ఇదొక్కటి చూసినా చాలు. ఉండి మాట్లాడకపోతే డీఎంలో అడగండి, "ఇంకా ఏమైనా జరుగుతోందా?" అని.

మొదటి రెండు మూడు నెలలు ఫిర్యాదులు పెరుగుతాయి. సర్వర్ చెడిపోయిందని కంగారుపడొద్దు. చెప్తే వింటారని జనానికి తెలిసింది, అంతే.

ఇంకా అడిగేవి

"బ్యాన్ అయినవాడు వేరే ఐడీతో వస్తే?" మళ్లీ బ్యాన్ చేసి లాగ్‌లో రెండో ఐడీ రాయండి. వాడితో మాట్లాడకండి, వాడికి కావాల్సింది ఆ మాటలే. అయితే యాస ఒకేలా ఉందనో టైపింగ్ అలాగే ఉందనో కొత్తవాణ్ని పట్టుకుని "నువ్వు వాడివే" అనకండి. మేం ఒకసారి అలా అన్నది వాడి తమ్ముణ్ని. నిజంగా తమ్ముడే, పాపం ఏ గొడవా తెలీదు.

"సారీ చెప్పి తిరిగొస్తానంటే?" నేరుగా బ్యాన్ పడిన కేసులకి లేదు. మిగతావాటికి ఆరు నెలలు ఆగాలి. తాను ఏం చేశాడో తన మాటల్లో రాయమనండి. "ఏదైనా తప్పు చేసుంటే సారీ" అని రాస్తే ఇంకా అర్థం కాలేదని లెక్క.

"మోడే తిడితే?" అదే మెట్లు. నిర్ణయం మాత్రం మిగతా ఇద్దరిది.

"ఓనరే తిడితే?" డిస్కార్డ్‌లో ఓనర్‌కి టైమ్‌అవుట్ వెయ్యడం కుదరదు. పోయిన సంక్రాంతి సెలవుల్లో ఒక కస్టమ్ రూమ్‌లో నేనే నోరు జారాను. మా మోడ్ అమ్మాయి పై ఆరు లైన్లే నాకూ పంపింది. రోజంతా నేను ఒక్క చానల్లోనూ రాయలేదు, వాయిస్‌లోకి రాలేదు. స్ప్రెడ్‌షీట్‌లో ఆ వరస ఇంకా అలాగే ఉంది.